పది అణాల జ్వరం

ఆ సోమవారం పొద్దున పీర్ సాహెబ్ అనుకున్న పని చాలా చిన్నది. జ్వరం మందుకు పెట్టిన పది అణాల బిల్లు ఆఫీసులో ఇచ్చేసి, ఇంటికొచ్చి ఇంత చారు కాచుకుని పడుకోవాలి. జమ్మలమడుగులో సర్కారు బంట్రోతు ఆయన; మందుల ఖర్చు సర్కారే తిరిగిస్తుంది. భార్య ఖమర్‌బీ పోయి రెండేళ్లయింది. ఇంట్లో మనిషి అలికిడి వినబడాలంటే ఆయనే దగ్గాలి.

అందుకే ప్రొద్దుటూరు వర్తకుల రోగసహాయ నిధిలో నెలకు అర్ధరూపాయి కట్టేవాడు. రోగమొస్తే నిధి ఆదుకుంటుందన్న భ్రమ ఆయనకు లేదు. వసూలుకని నిధి గుమాస్తా చిన్నసుబ్బయ్య నెలకోసారైనా తలుపు తడతాడు, అదీ సంగతి. ఆ పొద్దునా తట్టాడు.

"జ్వరమొచ్చిందంట గదా మామా! బిల్లు నకలు మా నిధికీ ఒకటి పారెయ్. అడిగితే పోయేదేముండాది?"

పోయేదేముందని పీర్ సాహెబ్ అసలు బిల్లు సర్కారుకిచ్చి, నకలు నిధికిచ్చాడు. కొంప అక్కడే మునిగింది. మరుసటి వారం విచారణకని సర్కారు గుమాస్తా యల్లయ్య వచ్చేసరికి, అదే విచారణకని చిన్నసుబ్బయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఒక్క జ్వరానికి రెండు తావుల బిల్లా? ఏంది సాయిబూ ఇది?" అని యల్లయ్య గుడ్లురిమాడు. "అసలు నీకు జ్వరమొచ్చినప్పుడు చూసినోళ్లు ఎవరుండారు?"

 పీర్ సాహెబ్ మూడు రోజులు మంచంలో మూలిగాడు. దాహమేస్తే తనే లేచి, గోడ పట్టుకుని కుండ దాకా పోయాడు. అది తలుచుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎవరూ లేరు సామీ."

'సాక్షులు లేరు' అని రాసుకున్నాడు యల్లయ్య.

సాక్షి లేకపోతే డాక్టరు సంతకమన్నా కావాలి. మందు రాసిన డాక్టరేమో పులివెందులకు బదిలీ అయ్యాడు. యల్లయ్య బస్సెక్కి పోయాడు. డాక్టరు సెలవు. మళ్లీ పోయాడు. బస్సు చార్జీలు, బత్తా కలిసి ఏడు రూపాయలు. నిధివాళ్లు తక్కువ తిన్నారా? వాళ్లూ ఒక విచారణ సంఘం వేశారు. దానికో అధ్యక్షుడు, ఆయనకు పూలదండ, దండ వేసినప్పుడు ఫోటో!

"పది అణాలకు ఏడు రూపాయలు తగలేసినారే, మీదీ ఒక సర్కారేనా?" అనేవాడు చిన్నసుబ్బయ్య.

"మీ దండ ఖర్చుతో ఊరందరికీ మందు పోయొచ్చు, పోప్పా!" అనేవాడు యల్లయ్య.

వారం వారం ఆ అరుగు మీదే ఇద్దరికీ రచ్చ. పీర్ సాహెబ్ అటకెక్కిన గాజు గ్లాసులు దించి, తోమి, టీ కాచి పోసేవాడు. సిగ్గు విడిచి చెప్పాలంటే, జ్వరం వచ్చినందుకు ఆయనకు మహా సంతోషంగా ఉండేది.

ఈలోగా అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. ఒకనాడు ఇద్దరూ నవ్వు ముఖాలతో దిగారు.

"డాక్టరు సంతకం దొరికింది, శాంక్షనయింది సాయిబూ! అరవై రెండు నయాపైసలు. సంతకం పెడితే ఫైలు మూసేస్తాం," అన్నాడు యల్లయ్య.

"మా నిధే మూసేసినారు మామా," అన్నాడు చిన్నసుబ్బయ్య. "దుడ్లన్నీ విచారణకే అయిపాయ. ఇంక నీకు వసూలు బాధ లేదులే."

పీర్ సాహెబ్ చేతిలో కలం ఆగిపోయింది. "అయితే ఇంక ఇద్దరూ రారా?"

"ఇంకేం పనుండాది ఈడ?" అన్నాడు యల్లయ్య.

పీర్ సాహెబ్ మూడు గ్లాసుల వంకా చూశాడు. మెల్లగా కలం కింద పెట్టాడు.

"పది అణాలంటే అరవై రెండున్నర గదా సామీ. ఆ అర్ధపైసా యాడికి పాయ?"

"అర్ధ నయాపైసాకు బిళ్లే లేదు గదయ్యా!"

"లేదని పైనుంచి కాయితం రానీ. అంతదాకా నేను సంతకం పెట్టను."

యల్లయ్య తల పట్టుకుని ఫైలు మళ్లీ విప్పాడు. చిన్నసుబ్బయ్య ముసలాయన ముఖంలోకి కాసేపు చూసి, ఖాళీ గ్లాసు ముందుకు జరిపాడు.

"రాసుకోప్పా యల్లయ్యా. ఈసారి సాక్షిని నేనుండా. విచారణకు ఎప్పుడు పిలిచినా వస్తా."

ఆ అర్ధపైసా మీద సర్కారుకు ఇప్పటికి పద్దెనిమిది రూపాయలు ఖర్చయింది. టీలో చక్కెర మాత్రం పీర్ సాహెబ్‌దే.