నాలుగు వర్గాల మనుషులూ, ఒక కత్తెరా

"ఈ ప్రపంచంలో మనుషులు నాలుగే రకాలు. ఆ నాలుగు రకాల్నీ పుస్తకంలా చదివేసినవాడు ఒక్కడే. అది నేను," అని బావ టైలర్ షాపు గడప మీద నిలబడి ప్రకటించాడు. ప్రకటన ముగించి లోపలికి అడుగు వేస్తూ గడప తట్టుకుని బట్టల తానుల మీద పడ్డాడు. పడ్డచోటు నుంచి లేవకుండానే, నేరస్థలాన్ని ముందు కింది నుంచి పరిశీలించడం తన పద్ధతి అన్నాడు.

మెషిన్ ముందు కూర్చున్న బావమరిది తల పట్టుకున్నాడు. ఈ మహానుభావుణ్ణి పిలుచుకొచ్చింది తనే మరి. అక్క మొగుడు పగలల్లా చెప్పుల షాపులో సేల్స్‌మన్, తీరిక దొరికితే డిటెక్టివ్. ఇంతవరకు ఛేదించిన కేసు ఒకటే, పక్కింటివాళ్ళ పిల్లి తప్పిపోవడం. అదీ ఆకలేసి దానంతటదే ఇంటికొచ్చింది.

ఈసారి పోయింది షాపు యజమాని మాస్టారి కత్తెర. ఇరవయ్యేళ్ళుగా ఆయన వేళ్ళకి అలవాటైపోయిన కత్తెర అది. ఇంకొకరు ముట్టుకోకూడదు, దానితో కాగితం అసలే కోయకూడదు. కాగితం కోస్తే గుడ్డ కోసే పదును పోతుంది. ఇంకో కత్తెర పడితే మాస్టారికి చెయ్యి సాగదు, అంచు కోసేసరికే విసుగొచ్చి అవతల పారేస్తారు. సోమవారం నుంచి కటింగ్ ఆగిపోయింది. తీసినవాళ్ళెవరో బుధవారం సాయంత్రానికల్లా తేలాలి, తేలినవాళ్ళు మర్నాటి నుంచి పనిలోకి రానక్కర్లేదు అని ఆయన తెగేసి చెప్పారు.

షాపులో పనిచేసేది ముగ్గురే. బావమరిది, కాజాలు కుట్టే అతని భార్య, ఇస్త్రీ చేసే ఆయన. ముగ్గురిలో ఇద్దరు ఒకే ఇంటివాళ్ళు కాబట్టి ఏ లెక్కన చూసినా గండం తమ ఇంటి మీదికే వచ్చేట్టు ఉందని బావమరిదికి నిద్ర పట్టలేదు. బయటి మనిషి విచారిస్తే న్యాయం జరుగుతుందని ఆశపడ్డాడు. బావ ఎలాంటివాడో తెలిసి కూడా ఆశపడ్డాడు, అదీ అతని తప్పు.

బుధవారం మధ్యాహ్నం బావ అందరికీ తలో కాగితం పంచాడు. ముప్పై ప్రశ్నలు. నలుగురిలో ఉంటే నీకు ఉత్సాహమా, నీరసమా? ముందు మాట్లాడి తర్వాత ఆలోచిస్తావా, ఆలోచించి మాట్లాడతావా? అలాంటివి. ప్రతిదానికీ టిక్కు పెట్టి, పక్కనున్న ఖాళీలో ఒక ఉదాహరణ కూడా రాయాలి. టిక్కులు కలిపితే మనిషి వర్గం తేలిపోతుంది. జలపాతం, గాలిపటం, గడియారం, బావి. మరి నువ్వే వర్గం బావా అని బావమరిది అడిగితే, తను నాలుగింటిలోనూ ఇమడకపోవడం వల్ల డేగ అనే అయిదో వర్గం ఏర్పాటు చెయ్యాల్సి వచ్చిందని చెప్పాడు.

ముగ్గురూ రాసిచ్చారు. ఇస్త్రీ ఆయన అందరికంటే ఎక్కువ సేపు, నాలిక బయటపెట్టి మరీ రాశాడు. బావ టీ తెప్పించుకుని, వేళ్ళు మడిచి టిక్కులు లెక్కపెట్టాడు. రెండుసార్లు లెక్క తప్పాడు. చివరికి లేచి నిలబడి, తీర్పు వినడానికి మాస్టారిని కుర్చీలో కూర్చోమన్నాడు.

"ఇస్త్రీ ఆయన గడియారం వర్గం. చెప్పిన పని చేస్తాడు, చెప్పనిది చెయ్యడు. దొంగతనం చెయ్యమని ఎవరూ చెప్పలేదు కాబట్టి నిర్దోషి. మా బావమరిది గాలిపటం. ఇతనికి అంత బుర్ర లేదు." బావ గొంతు తగ్గించాడు. "మిగిలింది బావి వర్గం. పైకి నిశ్శబ్దం, లోపల ఏముందో ఎవరికీ తెలీదు. పొద్దున్నుంచి నేను చూస్తున్నాను, ఒక్క మాటా లేదు. చెల్లెమ్మా, నన్ను క్షమించు. శాస్త్రానికి చెల్లెళ్ళుండరు."

బావమరిది మెషిన్ దగ్గర్నుంచి లేచాడు. ఇంటి దగ్గర తన భార్య వంటింట్లో మొదలుపెట్టిన మాట వీధి చివర దాకా వినపడుతుందని చెప్పబోయాడు. అదే ద్వంద్వ వ్యక్తిత్వం అని బావ అడ్డుపడ్డాడు. ఆవిడ బొత్తాం కుడుతున్న చొక్కా ఒళ్ళో పెట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది. మాస్టారు ఆవిడ వంక చూడకుండా, అయితే రేపటి నుంచి అంటూ నసిగారు.

సరిగ్గా అప్పుడే బావ, శాస్త్రం ఎంత విశాలమైనదో చూపించడానికి రెండు చేతులూ బార్లా చాపాడు. టీ గ్లాసు బోర్లా పడింది. కాగితాలన్నీ తడిసిపోయాయి. సాక్ష్యాలు పోతున్నాయని బావ కంగారుపడుతుంటే, ఇస్త్రీ ఆయన నింపాదిగా వాటిని బల్ల మీదికి తీసుకెళ్ళి, పైన గుడ్డ వేసి, ఒక్కొక్కటే ఇస్త్రీ చేసి మాస్టారికి అందించాడు. ఇస్త్రీ బల్ల దిగిన ప్రతిదీ ఎత్తి పట్టుకుని ముడతలు చూడడం మాస్టారికి అలవాటు. మొదటి కాగితం ఎత్తి పట్టుకున్నారు. ముడతల్లేవు. కానీ పంతొమ్మిదో ప్రశ్న పక్కన ఇస్త్రీ ఆయన గుండ్రటి అక్షరాలున్నాయి.

పొరపాటు చేస్తే ఒప్పుకుంటావా, దాస్తావా? ఈమధ్య చేసింది ఒకటి రాయి, అని ప్రశ్న. "సోమవారం మాస్టారి కత్తెరతో ప్యాకింగు కాగితం కోసాను. పదును పోయింది. సానపట్టే ఆయనకి ఇచ్చాను. వెనక వీధి. ఇవాళ ఇస్తానన్నాడు," అని జవాబు.

మాస్టారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదయ్యా అని ఇస్త్రీ ఆయన్ని అడిగారు.

"మీరు కత్తెర ఎవరు తీశారని అడిగారు. నేను సానకి ఇచ్చాను గానీ తియ్యలేదు కదండీ. పొరపాటేంటని ఈ కాగితంలో అడిగారు, రాశాను." అని చెప్పి, ఇంకెవరూ ఏమీ అడక్కపోవడంతో కత్తెర తేవడానికి వెళ్ళాడు.

నువ్వు ఈ జవాబులు చదవలేదా బావా అని బావమరిది అడిగాడు. చదవడం పాత పద్ధతి, టిక్కులు కలిపితే చాలు అన్నాడు బావ. అయినా గడియారం వర్గం అడిగినదానికే జవాబిస్తుందని తను ముందే చెప్పానని, కాబట్టి కేసు తన సిద్ధాంతం ప్రకారమే తేలిందని నోటుపుస్తకంలో రాసుకోబోయాడు.

అప్పుడు ఆవిడ నోట్లోంచి గుండుసూదులు తీసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. బల్ల మీద వరసగా పెట్టింది.

"పనిలో ఉన్నంతసేపూ ఇవి నోట్లోనే ఉంటాయి అన్నయ్యా. మాట్లాడితే మింగుతాను. అందుకే మాట్లాడను." తర్వాత మాస్టారి వైపు తిరిగింది. "అన్నయ్యకి తెలీదు, సరే. ఈ సూదులు రోజూ నా చేతికిచ్చేది మీరేగా. ఆరేళ్ళుగా నేను కుట్టిన కాజా ఒక్కటీ ఊడలేదు. ఒక్క పూట టిక్కులు చూసి నన్ను దొంగననుకున్నారు."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చివరికి, తప్పు నాదేనమ్మా, రేపు ఎప్పట్లాగే రా అన్నారు. ఆ మాట ఆయన నోట విన్న తర్వాత గాని ఆవిడ సూదులు ముట్టుకోలేదు.

బావ నోటుపుస్తకంలో బావి అన్న మాట కొట్టేసి, జలపాతం అని రాయడానికి పెన్ను ఎత్తాడు. ఆవిడ అతని వంక ఒక్క చూపు చూసింది. బావ పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు.