నిద్రపోతే లేవని పోర్టు

ఈ లోకంలో ఒక వస్తువు ఉందని చెప్పడానికి అది కళ్లెదుట ఉంటే చాలదు, దాని వర్ణన ఆమోదం పొంది ఉండాలి. కంప్యూటర్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టం ఈ సూత్రాన్ని ఎంత నిష్ఠగా పాటిస్తుందో, షాపులకు బిల్లింగ్ కంప్యూటర్ పెట్టెలు అమ్ముకునే నాలాంటివాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మందుల షాపు ఆవిడకు ఆరు పెట్టెలు అమ్మాను. ప్రతి పెట్టెకూ ఒక యూఎస్‌బీ పోర్టు, పోర్టుకు స్కానర్, పోర్టు వెనక దాన్ని నడిపే కంట్రోలర్ చిప్పు. కాసేపు గిరాకీ లేకపోతే కరెంటు ఆదా చేద్దామని సిస్టం ఆ చిప్పును నిద్రపుచ్చుతుంది. చిప్పు నిద్రపోతుంది. ఇక లేవదు. (ఆదా విషయంలో దీన్ని మించిన యంత్రం నేను అమ్మలేదు.)

"ఏమయ్యా, జ్వరంతో వచ్చినవాళ్లని నిలబెట్టి, నీ పెట్టె ప్లగ్గు పీకుతూ పెడుతూ కూర్చోనా? నెలాఖరుకి బాగవకపోతే ఆరూ తెచ్చి నీ గుమ్మంలో పడేస్తా," అందావిడ.

ఆ వీధిలో అన్ని షాపులూ ఆవిడ ఏది కొంటే అదే కొంటాయి. కాబట్టి నాకు పోయేది ఆరు పెట్టెలు కాదు, వీధి.

ప్రోగ్రాములు రాసే మా బావమరిది వచ్చి చూశాడు.

"చిన్న పనే బావా. పెట్టెలో ఏముందో సిస్టం ఒక వర్ణన చదివి తెలుసుకుంటుంది. ఈ చిప్పుని నిద్రపుచ్చొద్దని అందులో ఒక లైను రాస్తే చాలు."

"అయితే రాయి."

"రాయడానికేం. హార్డ్‌వేర్ వర్ణనల సంఘం ఒప్పుకోవాలిగా!"

సంఘం ఒప్పుకోలేదు. పరిశీలకుడుగారు ఎంతో మర్యాదస్తులు, వీడియో కాల్‌లో ఓపిగ్గా విడమర్చి చెప్పారు.

"నిద్రపుచ్చొద్దు అని రాశారు. అది ఆజ్ఞ అండీ. వర్ణనలో వస్తువు ఎలాంటిదో చెప్పాలి, దాంతో ఏం చేయాలో చెప్పకూడదు."

"నిద్రపుచ్చితే లేవదండీ మరి!"

"అదీ! అలా రాయండి."

అలాగే రాశాం. లేవదు అనే మాటలో నింద ధ్వనిస్తోందని మళ్లీ తిప్పి పంపారు. సంఘం లోపాలను నమోదు చేయదట, లక్షణాలనే చేస్తుందట. "మేలుకొలుపు వర్తించదు" అని మార్చాం. చాలా బాగుందన్నారు. ఆ తర్వాత లక్షణం పేరులో రెండు మాటల మధ్య గీత నడిమిన ఉండాలా, అడుగున ఉండాలా అన్న చర్చ మొదలైంది. బేరాల్లో తల పండినవాణ్ణి, గీత మీద అంత బేరం ఎక్కడా చూడలేదు. చివరకు నడిమి గీత నెగ్గింది. ఆమోదం వచ్చింది. బావమరిది ఆరు పెట్టెల్లోనూ కొత్త వర్ణన ఎక్కించాడు.

చిప్పులు ఎప్పటిలాగే నిద్రపోయాయి.

"ఇదేంట్రా?"

"వర్ణన సరిగ్గానే ఉంది బావా. దాన్ని చదివి నిద్రపుచ్చకుండా ఉండాల్సింది డ్రైవర్ అని, చిప్పుని నడిపే ఇంకో ప్రోగ్రాం. డ్రైవర్లది వేరే సంఘం."

నెలాఖరు రానే వచ్చింది. ఆవిడ ఆటోలోంచి పెట్టెలు దింపిస్తుంటే, అమ్మకందారుడిగా నా ధర్మం నేను నిర్వర్తించాను.

"అమ్మా, ఇదివరకు ఎందుకు లేవట్లేదో పెట్టెకే తెలీదు. ఇప్పుడు దానికి పూర్తిగా తెలుసు."

"రోగమేంటో చీటీ మీద రాసిస్తే జ్వరం తగ్గుతుందా? తగ్గేట్టయితే నేను మందులెందుకయ్యా అమ్మడం?"

నా దగ్గర ఇంకా గ్యారంటీ ఉంది. పెట్టెలు చేసిన కంపెనీకి ఆరింటినీ తిప్పి పంపి, బదులుగా కొత్తవి ఇమ్మన్నాను. వాటికంటే ముందు ఉత్తరం వచ్చింది.

"పరిశీలించాము. గ్యారంటీ లోపాలకు మాత్రమే. మీరు చెప్పినది ఈ పెట్టెకు ఆమోదం పొందిన లక్షణం. ఇంతకాలం మా దృష్టికి రాని ఈ లక్షణాన్ని శ్రమపడి నమోదు చేయించినందుకు మీకు కృతజ్ఞతలు. ఇకపై తయారయ్యే పెట్టెలన్నిటిలోనూ ఇది తప్పక ఉండేలా చూస్తాము."