అత్తగారు తుడిచిన ప్రాసెసర్

ఆ పొద్దున కోడలు అనుకున్నది చాలా చిన్న పని. మధ్యాహ్నానికల్లా గేమింగ్ కంప్యూటర్ బిగించాలి, సాయంత్రం ఆటకు కూర్చోవాలి. ఒక పేరున్న జట్టువాళ్ళు ఆమె ఆట చూస్తామన్నారు. నచ్చితే చేర్చుకుంటారు, ఇవాళ తప్పితే ఆ చోటు ఇంకొకరిది. చేతిలో డబ్బు అంతంత మాత్రం కనుక సామానంతా ఒకరు వాడి వదిలేసినదే. బొంతకు పేలికలు ఏరినట్టు ఒక్కో ముక్కా ఒక్కో చోట ఏరి తెచ్చుకుంది.

"అత్తయ్యా, ఒక్క కేబుల్ తెచ్చుకుని వచ్చేస్తా. వీటి మీద ఎవరి చెయ్యీ పడకుండా చూస్తారా?"

"నేనుండగా ఈగ కూడా వాలదు. వెళ్ళిరా తల్లీ."

ఈగైతే వాలలేదు గానీ అత్తగారి కన్నే పడింది. కంప్యూటర్‌కి మెదడు లాంటిదని కోడలు చెప్పిన ప్రాసెసర్ బిళ్ళ మీద బూడిదరంగు జిడ్డు అట్టకట్టి ఉంది. ఎవరింటి మురికో ఏమో! మురికిని చూసి ఊరుకునే పుట్టుక కాదు ఆవిడది. మెత్తటి గుడ్డతో అద్దంలా తుడిచి పెట్టింది.

అంతలో కోడలి ఫోను. "అత్తయ్యా, మామయ్య తొందరపడి బిగించేస్తారేమో, వద్దనండి. ఆ ప్రాసెసర్ మీద వేడి లాగే పూత ఉండాలి. లేకపోతే మాడిపోతుంది."

అత్తగారు చేతిలోని గుడ్డ చూసుకుంది. తాను తుడిచిపారేసింది ఆ పూతే కదా! పరుగున వెళ్ళి మామగారి చెవిలో వేసింది. ముప్పై ఏళ్ళు లారీలు నడిపిన మనిషి ఆయన.

"ఓస్, ఇంతేనా! వేడి తగ్గాలంటే చల్లటిది రాయాలి. మనింట్లో పూయగానే చల్లబడేది ఏముందే?"

వెతగ్గా వెతగ్గా దొరికింది టూత్‌పేస్టు. ఇద్దరూ కలిసి దిట్టంగా పట్టించారు.

పనికి బయల్దేరి, కళ్ళజోడు మరిచిపోయి వెనక్కి వచ్చిన కొడుకు ఆ బిళ్ళ చూశాడు, వాసన చూశాడు. "పాతదని ఒప్పుకునే కొన్నాం. అలాగని ఆ దుకాణంవాడు పళ్ళ పేస్టు పూసి అంటగడతాడా? వాడి సంగతి తేలుస్తా!"

"ఒరేయ్, అది..." అని అత్తగారు నోరు తెరిచేసరికి బిళ్ళతో సహా స్కూటరు సందు తిరిగిపోయింది.

కోడలు వచ్చి చూస్తే ప్రాసెసర్ పెట్టిన పళ్ళెం ఖాళీ. అత్తగారు కళ్ళనీళ్ళతో అంతా చెప్పింది. కోడలికి మొదట తలా తోకా అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడకి చేరగిలబడి నవ్వింది.

"ఆ జిడ్డు పాత పూత అత్తయ్యా! నేనూ తుడిచేదాన్నే. కొత్తది నా సంచిలోనే ఉంది."

"మరైతే నేను చేసిన తప్పేమిటే?"

"తుడవడం కాదు, అక్కడితో ఆగకపోవడం."

కొడుకు మీసం దువ్వుకుంటూ వచ్చాడు. పదిమంది ముందు పరువు పోయిన దుకాణదారు అదే రకంలో ఒక మెట్టు పై ప్రాసెసర్ చేతిలో పెట్టాడట. సాయంత్రం తెర వెలిగింది. కోడలు ఆడింది, జట్టులో చేరింది.

అత్తగారికి మాత్రం ముద్ద దిగలేదు. మర్నాడు దుకాణానికి ఫోను చేసింది. "బాబూ, ఆ పేస్టు మా ఇంటిదేనయ్యా. పూసింది నేనే."

"అమ్మగారూ, నా పరువు కాపాడ్డానికి తప్పు మీ నెత్తిన వేసుకుంటున్నారా! మీలాంటి తల్లులు ఎందరుంటారు?" అత్తగారు ఎంత చెప్పినా వింటేగా!

అప్పటినుంచి ఆ దుకాణంలో ఏ ప్రాసెసర్నైనా వాసన చూసి గానీ అమ్మడం లేదట.