విశేషమనగా నేమి?

విమాన ప్రమాదాలను పూర్తిగా నిర్మూలించినట్టు మా జిల్లా విమానయాన కార్యాలయం కార్నివాల్ వారంలో సగర్వంగా ప్రకటించింది. విమానాలను ముట్టుకోకుండా, పైలట్లను ఇబ్బంది పెట్టకుండా, రన్‌వే మీద ఒక్క గుంట కూడా పూడ్చకుండా సాధించిన ఘనకార్యమిది. మార్చింది నిబంధనలో ఒకే ఒక్క మాట.

పాత నిబంధన మొరటుది. విమానానికి ఏం జరిగినా రాసి పంపమనేది. మా ఊరు శాన్ ఎర్మెలిందోలో ఉన్నవి రెండే కాలాలు, వాన, బురద. కనుక చిన్న విమానమే మాకు బస్సు. బస్సుకు జరిగేవన్నీ దానికీ జరుగుతాయి. అవన్నీ రాసి పంపిన పాపానికి, ప్రమాదాల పట్టికలో బొలీవియా మొత్తానికీ మా జిల్లాయే మొదటి స్థానంలో నిలిచింది. తగ్గించమని లా పాస్‌లోని పైవాళ్ల నుంచి తాఖీదు వచ్చింది. డైరెక్టరు దోన్ ఫుల్హెన్సియో అర్తియాగా గారు మాట జవదాటే మనిషి కారు. తగ్గించమన్నారు, తగ్గించారు. ఇకమీదట 'విశేషం' అయితేనే రాయాలన్నారు.

విశేషమనగా ఇంతకుముందు జరగనిది.

"పదేపదే జరిగేది ప్రమాదం కాదు, ఆచారం," అని దోన్ ఫుల్హెన్సియో గారు సభలో ఉపన్యసించారు. "మన తాతలు ఇలాగే దిగారు, మనమూ ఇలాగే దిగుతున్నాం. దాన్ని పట్టుకుని ప్రమాదమంటే తాతలకెంత నామోషీ." తాతలు గుర్తొచ్చి కొందరు కళ్లు తుడుచుకున్నారు.

నిబంధన దివ్యంగా పనిచేసింది. రన్‌వే మీద ఎద్దు పడుకోవడం ఆచారం. ఎద్దును తప్పించి ఫుట్‌బాల్ మైదానంలో దిగడమూ ఆచారమే. గాలిలో తలుపు ఊడి బియ్యం బస్తా ఫాదర్ గారి వంటింట్లో పడినప్పుడు మాత్రం చిన్న సందేహం వచ్చింది, ఎందుకంటే అంతకుముందు పడింది ఎండుమాంసం మూట. సరుకు మారినంత మాత్రాన విశేషం కాజాలదని ఉపసంఘం తేల్చింది. వంటింటి కప్పు కొత్తది కదా అని ఫాదర్ వాదించారు. కప్పు విమానంలో భాగం కాదనీ, అది దేవుడి శాఖ కిందికి వస్తుందనీ బదులిచ్చారు.

ఇంత సంబరంలోనూ మొహం వేలాడేసుకుని తిరిగింది రోసౌరా నోసా ఒక్కతే. ఆమె భర్త ఎరిబెర్తో పైలట్. అతని విమానానికి బ్రేకు పట్టదు. దిగిన ప్రతిసారీ రన్‌వే చివరికి పోయి చెరువు గట్టును గుద్దుకుని ఆగుతుంది. కొత్త బ్రేకు సర్కారు గిడ్డంగిలో భద్రంగా ఉంది. నివేదిక లేనిదే గిడ్డంగి తాళం తీయరు. రోసౌరా డైరెక్టరు గారి దగ్గరికి వెళ్లింది.

"బ్రేకు పట్టడం లేదు సార్."

"ఎప్పట్నుంచమ్మా?"

"ఏడాదవుతోంది."

"మరింకేం, అలవాటైపోయుంటుంది. ఇందులో విశేషమేముంది?"

"మొదటిసారి పట్టనప్పుడే వచ్చాను సార్. నిబంధన మారుస్తున్నాం, మారాక రమ్మన్నారు."

"మారింది కదా మరి."

"గట్టు అరిగిపోయింది సార్. ఈ వానలకు ఆగేట్టు లేదు. అది పోతే మా ఆయన నేరుగా చెరువులోకే."

"అప్పుడు రా తల్లీ. చెరువులో పడటం ఇంతవరకూ జరగలేదు. నేనే దగ్గరుండి రాయిస్తాను."

"అప్పుడు వచ్చి ఏం చేసుకోను సార్? ఆయన నాకు ఒక్కడే."

"ఊరుకోమ్మా. ఎరిబెర్తో పాత పైలట్. పాతవాళ్లకేం కాదు."

వానలు మొదలైన వారంలోనే 'సున్నా ప్రమాదాల' ఫలకం ఆవిష్కరించడానికి డైరెక్టరు గారు ఎరిబెర్తో విమానంలోనే మా ఊరు వేంచేశారు. బ్యాండు మేళం రన్‌వే పక్కన నిలబడింది. గట్టుకు గుద్దుకున్న విమానాన్ని వెనక్కి లాగడానికి మగవాళ్లు అలవాటు ప్రకారం తాళ్లు పట్టుకుని చెరువు దగ్గర నిలబడ్డారు. విమానం దిగింది. సగం దూరం పరుగెత్తి, బురదలో ఇరుసు దాకా కూరుకుపోయి, పాతిన గుంజలా ఆగిపోయింది. తాళ్లవాళ్లు నోళ్లు తెరిచారు.

అందరికంటే ముందు రోసౌరా చేరుకుంది. భర్తను తలనుంచి కాళ్ల దాకా తడిమి చూసుకుంది. తర్వాత డైరెక్టరు గారి వైపు తిరిగింది.

"బ్రేకు పట్టింది సార్."

"బురద కదమ్మా."

"బురద ఎప్పుడూ ఉండేదేగా సార్, ఆచారం. విమానం ఇలా మధ్యలో ఆగడమే ఎప్పుడూ లేదు. కావాలంటే వీళ్లనడగండి."

అడిగారు. ఆగగా చూసినవాడు ఊళ్లో ఒక్కడూ లేడు. బ్యాండు మాస్టరు బాకా దించేశాడు. దోన్ ఫుల్హెన్సియో గారి మొహం పాలిపోయింది. అయినా తన నిబంధనకు తానే ద్రోహం చేసే మనిషి కారు. 'బ్రేకు పట్టుటచే విమానము చెరువు వరకు పోక మధ్యలోనే నిలిచిపోవుట' అని అక్కడికక్కడే నివేదిక రాయించారు. ఫలకాన్ని మళ్లీ గుడ్డలో చుట్టేశారు. నివేదికకెక్కిన పరికరాన్ని వెంటనే మార్చాలి కాబట్టి, కొత్త బ్రేకు ఆ వారమే వచ్చింది.

ఇప్పుడు ఎరిబెర్తో విమానం ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతుంది. అయితే జిల్లా మొత్తం మీద ప్రమాద నివేదిక ఉన్న విమానం అదొక్కటే. ఖాళీగా పోతుంది, ఖాళీగా వస్తుంది. జనమంతా దోన్ అబుందియో విమానం దగ్గర బారులు తీరుతున్నారు. దాని ఇంజను దారి మధ్యలో కాస్త కునుకు తీస్తుంది. ఓ చిన్న ప్రార్థన చేసుకునేంతసేపు, అంతే. దాని మీద మాత్రం ఇంతవరకూ ఒక్క నివేదికా లేదు. మేమూ నాలుగక్షరాలు చదువుకున్నవాళ్లమే. రికార్డు చూసుకోకుండా పిల్లల్ని విమానం ఎక్కిస్తామా?