తోక నంబరు డాక్టరు

ఆ శనివారం పొద్దున డాక్టర్ టోబిన్ రాస్క్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తుంటి ఎముక అతికించిన వెర్నా ఓస్ట్‌బీ గారిని పదింటికల్లా ఇంటికి పంపాలి. మధ్యాహ్నం మూడింటికి ఆవిడ గ్రాండ్ మరే ఊరి చర్చిలో మనవరాలి పెళ్లి చూడాలి. ఆసుపత్రి ఉన్న డులూత్ నుంచి అక్కడికి సరస్సు ఒడ్డునే రెండు గంటల ప్రయాణం. నొప్పి మాత్ర వేయకుండా ఆ రోడ్డు మీద తీసుకెళ్తే పెళ్లిలో పాటలకు బదులు ఆవిడ కేకలే వినబడతాయి. "నా పెళ్లికే ఆలస్యంగా వెళ్లినదాన్ని నాయనా, దీని పెళ్లికైనా వేళకు పంపించు" అని ముందురోజే ఆవిడ అతని చేత మాట పుచ్చుకుంది.

టోబిన్ ఎముకల విభాగంలో రెసిడెంట్. అంటే డాక్టరు చదువు పూర్తిచేసి, డాక్టరు పని అంతా చేస్తూ, డాక్టరని మాత్రం ఎవరి చేతా అనిపించుకోలేని దశ. మత్తెక్కించే నొప్పి మాత్రలు రాయాలంటే కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. శిక్షణలో ఉన్నవాళ్లకు సొంత నంబరు దేనికని ఆసుపత్రి తన నంబరునే అందరికీ వాడుకోనిచ్చి, దాని వెనక ఒక్కొక్కరికి ఒక్కో తోక తగిలించింది. టోబిన్ తోక నలభై ఏడు. ఏ తోక ఎవరిదో మందుల షాపు అడిగితే చెప్పి తీరాలి, అది చట్టం. చెప్పాల్సిన ఆఫీసుకు శని, ఆదివారాలు సెలవు, అది ఆసుపత్రి.

టోబిన్ రాసిచ్చిన చీటీ పట్టుకుని వెర్నా గారు అల్లుడి ట్రక్కులో ఎదురుగా ఉన్న మందుల షాపుకు వెళ్లింది. షాపు నడిపే మార్లిస్ ట్వేట్ గట్టి పద్ధతి మనిషి. ఆవిడ కంప్యూటరు ఆసుపత్రి నంబరు వరకు బాగానే ఒప్పుకుంది గాని, తోక దగ్గర మొరాయించింది. కనుక్కుందామని ఆవిడ ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఆఫీసు మూసి ఉన్నప్పుడు అలాంటి ఫోన్లన్నీ డ్యూటీ డాక్టరుకు కలపాలని పైవాళ్ల ఉత్తర్వు. ఆ రోజు డ్యూటీ డాక్టరు ఎవరయ్యా అంటే, టోబినే.

"డాక్టర్ రాస్క్ అని మీ దగ్గర ఉన్నారాండీ?"

"ఉన్నారండి. తోక నలభై ఏడు. చాలా నమ్మకమైన మనిషి."

"మాట్లాడుతున్నది ఎవరండీ?"

"నేనేనండి, రాస్క్‌ని."

మార్లిస్ ఎంతో మెత్తగా, "భలే కొత్తగా ఉందండీ. ఒక్కసారి ఇటొచ్చి వెళ్తారా?" అంది.

మా మిన్నెసోటాలో మనిషిని మొహం మీద దొంగా అనే అలవాటు లేదు. భలే కొత్తగా ఉందంటాం. అన్నామంటే అవతలివాడు తట్టాబుట్టా సర్దుకోవాల్సిందే. టోబిన్‌ది న్యూజెర్సీ. అక్కడ తిట్టదలుచుకున్నవాళ్లు తిట్టేస్తారు. అందుకని తన జవాబు ఆవిడకు బాగా నచ్చిందనుకున్నాడు.

అయినా ఎందుకైనా మంచిదని పెద్ద డాక్టరు లేలండ్ ప్రెవిట్‌కు ఫోన్ చేశాడు. ఆయన సొంత రిజిస్ట్రేషన్ ఉన్న మహానుభావుడు. ఆ సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి, పెళ్లిఫొటో తీసేసి మరీ ఆ మేకుకు తగిలించుకున్నాడు. ఆయన గోల్ఫ్ మైదానంలో ఉన్నాడు. ఒక చీటీ చెల్లుబాటు చేయించుకోలేనివాడివి ఎముకలేం అతికిస్తావని, ఇలాంటి చాకిరీ కోసమే రెసిడెంట్లను పెట్టుకున్నామని, తన చేత్తో మందుల చీటీ రాసి నెలలు గడిచాయని గర్వంగా చెప్పి ఫోన్ పెట్టేశాడు.

టోబిన్ హడావిడిలో తెల్లకోటు వార్డులోనే వదిలేసి రోడ్డు దాటాడు. గుర్తింపు కార్డు ఆ కోటుకే ఉంది. మార్లిస్ కార్డు అడిగితే జేబులు తడుముకున్నాడు. బయటికొచ్చినవి ఖాళీ మందుల చీటీలు. ఆవిడ మళ్లీ భలే కొత్తగా ఉందని, కుర్చీ లాగి కూర్చోబెట్టి, కాఫీ పోసి, ఇంట్లో రూబార్బ్ అనే పుల్లటి కాడలతో చేసిన తీపిముక్క పళ్లెంలో పెట్టి, లోపలికెళ్లి పోలీసులకు ఫోన్ చేసింది.

టోబిన్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ ఊరొచ్చి ఏడాదయింది, ఇన్నాళ్లలో తిన్నావా అని అడిగిన మనిషి లేదు. ఆవిడ తిరిగొచ్చి పెట్టిన రెండో ముక్క కూడా అందుకున్నాడు. పక్క కుర్చీలో నొప్పిని పళ్ల బిగువున భరిస్తున్న వెర్నా గారు గడియారం నుంచి అతని పళ్లెం వైపు చూపు తిప్పింది.

"రెండోది కూడా పెట్టిందా? అయితే నీకు మూడింది నాయనా."

ఆ మాట అర్థమయ్యేలోపే పోలీసు డేల్ కివెలా లోపలికొచ్చాడు. తొందరేం లేదు, తినడం కానివ్వమన్నాడు. ఆ తరవాతే ఖాళీ చీటీలు ఎక్కడివో, తన గురించి తానే ఎందుకు సాక్ష్యం చెప్పుకున్నాడో కలం తీసి మర్యాదగా అడిగాడు. టోబిన్ పళ్లెం కింద పెట్టేశాడు. ఉద్యోగం పోతుంది, లైసెన్సు పోతుంది, అన్నీ కళ్లముందు కదిలాయి. అయినా వెర్నా గారి మొహం చూసి, "నన్ను ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తానండి. ముందు ఈవిడకు మాత్రలు ఇప్పించండి" అన్నాడు. మార్లిస్ మనసు కరిగింది. చట్టం కరగలేదు. కివెలా ప్రెవిట్‌కు ఫోన్ చేశాడు.

ప్రెవిట్ గోల్ఫ్ బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చాడు. ఆసుపత్రి కార్డు అందరికీ చూపించాడు. "వీడు మా రెసిడెంటే. బుర్ర తక్కువ గాని దొంగ కాదు" అన్నాడు. మార్లిస్‌కు ఆ మాట చాలు. కివెలా కలం జేబులో పెట్టుకున్నాడు, ఆవిడ మాత్రలు కట్టడానికి టోబిన్ చీటీ అందుకుంది. అక్కడితో ఆగి ఉంటే ప్రెవిట్ మళ్లీ గోల్ఫ్ ఆడుకునేవాడు.

"ఆ తోకల చీటీ అవతల పారేయండి. అసలు డాక్టరు నంబరు ఎలా ఉంటుందో చూద్దురుగాని" అని కొత్త చీటీ రాసి, పొడుగాటి సంతకం గీశాడు.

మార్లిస్ నంబరు కొట్టింది. మళ్లీ కొట్టింది. ఆ రిజిస్ట్రేషన్ గడువు మార్చిలోనే తీరిపోయిందని, మనమిప్పుడు జులైలో ఉన్నామని వినయంగా చెప్పింది. రెసిడెంట్ల చేత రాయించుకోవడమే గాని తాను రాసింది లేదు గనక ఆయనకు తెలియనే లేదు. గోడ మీది సర్టిఫికెట్టు కింద తారీఖు ఉంది. వచ్చినవాళ్లందరూ ఫ్రేమునే మెచ్చుకుని వెళ్లారు.

ప్రెవిట్ ఎర్రబడి, అయితే ఆసుపత్రి నంబరు మీద కానివ్వమన్నాడు.

"మీకు తోక ఉందాండీ?" అంది మార్లిస్.

ఆయన లేదని ఒప్పుకున్నాడు.

"ఈయనకుందండి" అని ఆవిడ టోబిన్ చీటీ మీదే మాత్రలు కట్టి ఇచ్చింది. వెర్నా గారు టోబిన్ మిగిల్చిన కాఫీతోనే ఒక మాత్ర మింగి, అతని బుగ్గ తట్టి ట్రక్కెక్కింది. పెళ్లికూతురి వెనకే చర్చిలో అడుగుపెట్టిందని ఆ తరవాత ఊరంతా చెప్పుకున్నారు.

కివెలా కలం మళ్లీ పైకి తీశాడు. మార్లిస్ ప్రెవిట్ కోసం కుర్చీ లాగింది. భలే కొత్తగా ఉందండీ డాక్టరుగారూ అంటూ కాఫీ పోసి, ఉన్నవాటిలోకెల్లా పెద్ద ముక్క పళ్లెంలో పెట్టింది.

ప్రెవిట్ డులూత్‌లోనే పుట్టి పెరిగినవాడు గనక, ఆ ముక్క ముట్టుకోలేదు.