శాతం గుర్తు చాటు మాటలు

ఇలా దగ్గరికి జరగండి, చెవి ఇటు పెట్టండి. జావా దీవిలోని మా జోగ్జా ఊళ్ళో ఇంజనీరింగు కాలేజీ గేటు పక్కన పనసకూర అన్నం అమ్మే సర్జియెమ్ అవ్వని నేను. మూడో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేశాను. అయినా ఈ దేశ విద్యాచరిత్రలో ఒక మహత్తర ఘట్టానికి సాక్షిని.

మా డీన్ గారు ప్రొఫెసర్ డాక్టర్ ఇంజనీర్ హాజీ విర్యోకుసుమో. ముందు అన్ని బిరుదులుండటం వల్ల బోర్డు మీద అసలు పేరు రెండో వరసలోకి జారేది. వారు అప్పడాలు ఎండబెట్టే పెట్టె కనిపెట్టారు. పన్నెండు నెలలూ ఎండ కాసే చోట ఎండని పెట్టెలోకి పిలవడం మామూలు బుర్రకి తట్టే పనేనా?

ఆ పెట్టె గొప్పదని రుజువు చేసే భాగ్యం రెత్నో అనే పిల్లకి దక్కింది. అప్పడాలు నావే. మూడు రోజులు పెట్టెలో పెడితే నూటికి పన్నెండు పాళ్ళ తేమ పోయింది. పెట్టె పైకప్పు మీద ఆరేసినవి ఒక్క పూటలో గలగలలాడాయి.

"పన్నెండేమిటమ్మా? తొంభై కదా రావాలి!" అన్నారు డీన్ గారు.

మా జావాలో పెద్దవాళ్ళని ముఖం మీద కాదనకూడదు. తల వంచి "ఇంగ్గి" అనాలి. పైకి అవునని అర్థం. కడుపులో ఏమనుకున్నా ఎవరూ అడగరు. రెత్నో "ఇంగ్గి" అని తొంభై వేసింది.

పట్టా కోసం ఆ పిల్ల పరిశోధన గ్రంథం రాసింది గుర్తుల భాషలో. ఇది శీర్షిక, ఇది లెక్క అని గుర్తులతో చెబితే కంప్యూటరే అచ్చుకి పేర్చి పెడుతుందట. అందులో ఒక సదుపాయం నాకు తెగ నచ్చింది. వరస మొదట్లో శాతం గుర్తు పెడితే ఆ వరస ఫైల్లో ఉంటుంది గానీ అచ్చులోకి రాదు.

"ఓసి, ఇది మన ఇంగ్గియే కదే!" అన్నాను.

"అచ్చం అదే అవ్వా," అని పకపకా నవ్వింది.

గురువారం పట్టాల పండుగ. రెత్నో వాళ్ళమ్మ కొండల్లోంచి దిగి రావడానికి కొత్త కబాయా రవిక కుట్టించుకుంది. సోమవారం డీన్ గారి ఉత్తర్వు వెలువడింది: "పారదర్శకత దృష్ట్యా ప్రతి గ్రంథమూ గుర్తులు కనబడని, కాగితంలా కనబడే ఎడిటర్ ఫైలుగా మార్చబడవలెను. మారనిచో పట్టా ఇవ్వబడదు." మార్చే ప్రోగ్రాం ఆఫీసులో పెట్టారు. మార్చిన ఫైలు తిరిగి చూసుకునే వ్యవధి ఎవరికీ ఇవ్వలేదు. పారదర్శకతకి తొందరెక్కువ.

మంగళవారం రెత్నో గ్రంథాన్ని పెద్దలు పరీక్షించే సభ. అన్నం పొట్లాలు, అప్పడాలు మోసుకెళ్ళి నేనూ వెనకాల నిలబడ్డాను. ఆ ప్రోగ్రాం పాపం ఏదీ పారెయ్యలేని రకం. శాతం గుర్తు చాటున దాగిన వరసలన్నిటినీ భద్రంగా ఎర్రక్షరాల్లో తెర మీద పెట్టింది.

"ఎర్రవి ముఖ్యాంశాలన్నమాట. నేనే చదువుతాను," అని డీన్ గారు గొంతు సవరించుకున్నారు. "'నిజం అంకె పన్నెండు. సార్ తొంభై వెయ్యమన్నారు.'"

అందరూ చప్పట్లు కొట్టారు, అలవాటు కొద్దీ.

"'పెట్టె లోపల కన్నా పెట్టె పైన బాగా ఎండుతున్నాయి. సర్జియెమ్ అవ్వ కూడా చూసింది.'"

అప్పటికి ఆయన మాట ఆయన చెవికి చేరింది.

"ఏమ్మా, ఇది నిజమా?"

నాకు వాళ్ళమ్మ కబాయా కళ్ళ ముందు ఆడింది. ఇంగ్గి అనవే తల్లీ అనుకున్నాను.

"నిజమే సార్," అంది రెత్నో.

ఆ గదిలో అలాంటి మాట ఎవరూ విని ఎరగరు. ఎవరి చేతిలోనో అప్పడం ఫెళ్ళున విరిగింది. పెట్టె పైన ఎండిందే అయ్యుంటుంది.

"అవ్వా, నువ్వేమంటావు? పెట్టె మంచిదేనా?" అని డీన్ గారు నా వైపు తిరిగారు.

నా కొట్టు కాలేజీ గేటు దగ్గరే ఉంది. తల వంచి "ఇంగ్గి" అన్నాను.

సంఘం వేశారు. సంఘం లోతుగా విచారించి తేల్చింది: పిల్లది తప్పు కాదు, సార్‌ది తప్పు కాదు, ప్రోగ్రాముకే మర్యాద తెలియదు, అచ్చులోకి రాని మాట లేని మాటే. రెత్నో చెప్పిన "నిజమే"ని సభా వివరాల్లో నిజాయితీగా నమోదు చేసి, ముందు శాతం గుర్తు పెట్టారు. గురువారం పట్టా చేతికొచ్చింది. పెట్టెకి బహుమతి కూడా వచ్చింది. ఇప్పుడది నా కొట్టు పక్కనే ఉంది. లోపల పళ్ళాలు పెట్టుకుంటాను, పైన అప్పడాలు ఆరేసుకుంటాను.

వెళ్ళేముందు రెత్నో నన్నేమీ అనలేదు. వాళ్ళమ్మకి ఒక అప్పడాల కట్ట కొనుక్కుని వెళ్ళిపోయింది. అందుకే ఆ రోజు మింగిన మాట ఇవాళ మీ ముందు కక్కుతున్నాను. గుర్తుంచుకోండి, నలుగురికీ చెప్పండి. చెబుతారు కదూ?

అదిగో, అలా తలలు వంచి "ఇంగ్గి" అంటే కాదు.