మంత్రిగారి ఫ్రేమూ, భీమమ్మ వర్కూ

"ఇకపై ప్రభుత్వ యాప్‌లన్నింటికీ ఒకటే ముఖం" అని మంత్రిగారు వనపర్తి సభలో ప్రకటించారు. ఆ ముఖం ఎవరిదని అడిగే అజ్ఞానులు సభలో లేరు.

ప్రతి శాఖా తన తెర తానే గీసుకునే దరిద్రం ఇంక ఉండదట. బటన్లూ గళ్లూ అక్షరాలూ ఒక్కచోటే తయారుచేసి పెడితే, ఏ యాప్ కట్టేవాళ్లైనా తెచ్చుకుని అతికించుకోవచ్చు. దీన్ని ఫ్రేమ్‌వర్క్ అంటారు. అందులో సగం మాట మంత్రిగారికి వెంటనే అర్థమైంది. ఫ్రేమన్నాక ఫొటో ఉండాలి కదా. రోడ్డు మీది ఫ్లెక్సీ గాలికి చిరుగుతుంది. తెరమీది ఫ్లెక్సీకి ఆ బెంగ లేదు.

మొదటి యాప్ వడ్ల టోకెన్‌ది. పెద్దమందడి కొనుగోలు కేంద్రంలో వడ్లు కుప్పపోసి కూర్చుంది భీమమ్మ. టోకెన్ లేనిదే కాంటా పెట్టరు. మొగులు పట్టింది. ఆమెకు ఫోన్ లేదు, పక్కనే ఉన్న నాకుంది.

"తమ్మీ, జర గా బటన్ ఒత్తు. వాన గిట్ల కొట్టిందంటె ఆగమైత."

ఒత్తుదామంటే బటన్ లేదు. మంత్రిగారున్నారు. ఆయన కింద మూడు జిల్లాల నాయకులు, ప్రొటోకాల్ ప్రకారం వరసగా, తెర అంచుదాకా ఉన్నారు.

సంగతేమిటో కనుక్కుందామని వనపర్తిలో డెవలపర్ల ఆఫీసుకు పోయాను. నా అదృష్టం, మంత్రిగారు తనిఖీలో ఉన్నారు.

"బగ్గు దొరికింది సార్" అంది తేజస్విని. డెవలపర్లకు ఆ అమ్మాయే లీడరు. మంత్రికి బుగ్గకారూ, సాఫ్ట్‌వేర్‌కు బగ్గూ సహజం కాబట్టి ఆయన కంగారుపడలేదు. "బటన్ ఫొటోల కింద ఇరుక్కుంది సార్."

"పేజీ పైకి జరిపితె వస్తది గద?"

"పేజీ జరుగుతది సార్. ఫొటోలు జరగవు. ఎంత జరిపినా నాయకులు కదలొద్దని మీరే ఆర్డరిచ్చిన్రు."

"కుర్సీల ఉన్నోడు కదులుతడా బిడ్డా?"

"అయితే ఫొటోలు కొంచెం చిన్నగ చేద్దాం సార్."



"ఎవరిని చిన్నగ చేస్తవమ్మా?" అని ప్రత్యేకాధికారి అనంతయ్యగారు మృదువుగా అడిగారు.

తేజస్విని తెలివైన పిల్ల. ఎవరినీ చిన్నబుచ్చకుండా బటన్‌నే ఫొటోల మీదికి తెచ్చింది. అది సరిగ్గా మంత్రిగారి మూతి మీద వచ్చి కూర్చుంది. అయిజ కొనుగోలు కేంద్రంలో ట్రయల్ వేశారు. ఒత్తితే టోకెన్ వచ్చింది. స్పందన అపూర్వం. టోకెన్ వచ్చినవాళ్లు మళ్లీ ఒత్తారు. గుంట భూమి లేనివాళ్లు ఒత్తారు. ఒకాయన వేలు నొప్పిపుడితే మోచేత్తో ఒత్తాడు. ఇంతటి ప్రజాదరణకు తట్టుకోలేక మంత్రిగారు సాయంత్రానికే ట్రయల్ ఆపించారు. పెద్దమందడి వంతు రానేలేదు.

పరిష్కారం అనంతయ్యగారికి తట్టింది. "బటన్ ఉంటెనే గద పనిచేస్తలేదంటరు. తీసెయ్యి."

"మరి టోకెన్ సార్?"

"అది రెండో వెర్షన్."

బటన్ పోయింది, బగ్గూ పోయింది. మంత్రిగారు మెచ్చుకుని, ఒక్క లోపం మాత్రం పట్టుకున్నారు. "మా ఫొటోల ఎనక గా తెల్లగ ఏంది? దవాఖాన గోడ లెక్క. పచ్చగ ఉండాలె."

కోతలైన పొలాల్లో పచ్చదనం ఎక్కడిది? ఆ వారమంతా వాన. ఆ వానలోనే అనంతయ్యగారు కెమెరా పట్టుకుని మూడు జిల్లాలు తిరిగారు. పట్టుదల గల మనిషి, ఉత్త చేతులతో రాలేదు.

ఆవిష్కరణ గద్వాలలో జరిగింది. రెండో వెర్షన్ వచ్చిందేమోనన్న ఆశతో భీమమ్మను వెంటబెట్టుకు పోయాను. దారిలో అయిజ ముచ్చట చెప్పినా నవ్వలేదు. వేదిక మీద పెద్ద తెర వెలిగింది. నాయకుల వెనుక లేత పచ్చదనం, వెల్వెట్ పరిచినట్టు ఒత్తుగా ఉంది.

"చూడుండ్రి, ఇది మన పాలమూరు రైతు పచ్చదనం" అన్నారు మంత్రిగారు. చప్పట్లు మోగాయి.

భీమమ్మ లేచి నిలబడింది. "సారూ, గది నా వడ్ల కుప్ప. వానకు నాని మొలకలొచ్చినయి."

అనంతయ్యగారు తొణకలేదు. మైకందుకుని ఆమెను ఆదర్శ రైతుగా ప్రకటించారు. వేదికెక్కించి, శాలువా కప్పించి, ఫొటో తీయించారు. మంత్రిగారు ఉదారంగా సైగచేశారు. నిమిషంలో తెరమీద నాయకుల వరస చివర, గోరంత ఫ్రేములో భీమమ్మ ప్రత్యక్షమైంది.

మంత్రిగారు మైకు ఆమె ముందు పెట్టారు. "చెప్పవ్వా, ఎట్లనిపిస్తుంది?"

ఆమె తెరమీది తన ముఖాన్ని కాసేపు చూసింది.

"అయిజల మీ మూతి ఒత్తితె టోకెన్ వచ్చిందంట గద సారూ. గిప్పుడు నన్ను ఒత్తితె వస్తదా?"